పిడుదుల హాజరు పట్టీ

ప్రభుత్వానికి ఒక విషయం తెలియాలంటే ఆ విషయం ముందుగా ప్రభుత్వాన్ని కుట్టాలి. మా గుండ్లమడుగు అటవీ డివిజన్లో, ఒంటికి కరుచుకుని నెత్తురు తాగే పిడుదులు తరతరాలుగా ఉన్నాయి. దుప్పుల్ని కుట్టాయి, పశువుల్ని కుట్టాయి, ఎండుకట్టెలకు పోయే ఆడవాళ్లను కుట్టాయి, మా గార్డుల్ని కుట్టాయి. ఒక్క ఫైలూ కదల్లేదు. కిందటి ఆగస్టులో మొక్కలు నాటే ఉత్సవానికి వచ్చిన మా డివిజన్ అటవీ అధికారి, డీఎఫ్ఓ కృపానిధి గారు, ఫొటో సహజంగా రావాలని ఎండుటాకుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పది నిమిషాలు కూర్చున్నారు. మర్నాడు ఆఫీసుకొచ్చి కుర్చీలో మాత్రం కూర్చోలేకపోయారు.

పిడుదు ఎక్కడ పట్టిందో నేను చెప్పను. ఆఫీసులో అందరికీ తెలుసు గానీ, రికార్డులో అది "సదరు ప్రదేశము" అని నమోదైంది కాబట్టి ఎవరూ వివరాల్లోకి వెళ్లరు. వారం రోజులు డీఎఫ్ఓ గారు నిలబడే సంతకాలు పెట్టారు. మా డివిజన్లో ఫైళ్లు ఆ వారం కదిలినంత వేగంగా అంతకు ముందు కదల్లేదు, తర్వాతా కదల్లేదు. పిడుదు వల్ల ప్రజలకు కలిగిన మేలు అదొక్కటే.

నేను ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. మామూలు తెలుగులో చెప్పిన మాటను ఎవరికీ అర్థం కాకుండా రాసి పై సంతకానికి పెట్టడం నా ఉద్యోగం. ఎనిమిదో రోజున డీఎఫ్ఓ గారు నన్నూ, సూపరింటెండెంటు పరాంకుశం గారినీ పిలిచారు. పరాంకుశం గారిది ముప్ఫై ఏళ్ల సర్వీసు. కాగితం చూపిస్తే తప్ప తన ఆకలిని తానే నమ్మని మనిషి.

"మన సిబ్బంది ఆరుబయట అమూల్యమైన విధులు నిర్వర్తిస్తున్నారు," అన్నారు డీఎఫ్ఓ గారు, మెత్తటి దిండు మీద జాగ్రత్తగా సర్దుకుంటూ. "పిడుదుల బారి నుంచి వారి పరిరక్షణ నిమిత్తం సమగ్రమైన, శాస్త్రీయమైన, కాలపరిమితితో కూడిన కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయండి. యుద్ధప్రాతిపదికన. రేపు పదకొండు గంటలకల్లా నా బల్ల మీద ఉండాలి."

నాకు పిడుదుల గురించి తెలిసింది సున్నా. పరాంకుశం గారికి అంతకన్నా తక్కువ. ఏం చేయాలా అని వరండాలోకి వస్తే, స్తంభం పక్కన ఓబులేసు నిలబడి ఉన్నాడు.

ఓబులేసు మేకలబండ బీటులో, అంటే ఆ వైపు అడవి ముక్కలో, కాపలాదారు. పంతొమ్మిదేళ్లుగా రోజుకూలీ మీదే ఉన్నాడు. రోజూ తెల్లవారగానే అడవిలోకి పోతాడు, పొద్దు గూకే ముందు బయటికొస్తాడు. మధ్యలో ఏ చెట్టు మీద గొడ్డలి పడినా అతనికి తెలుస్తుంది. ఆ నెలలోనే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పదేళ్లు దాటిన రోజుకూలీ కాపలాదారుల్లో, వచ్చే మార్చి దాకా హాజరు సక్రమంగా ఉన్నవారిని పర్మినెంటు చేస్తారట. మా డివిజన్లో అలాంటివాడు ఓబులేసు ఒక్కడే. ఆ సంగతి కనుక్కుందామనే వచ్చాడు.

"నీ కాగితం కదుల్తోంది ఓబులేసన్నా," అన్నాను. "నువ్వు ముందు ఇది చెప్పు. ఇన్నేళ్లలో నిన్ను పిడుదులు ఎన్నిసార్లు కుట్టాయి?"

"నన్నా? ఒక్కసారి గూడ ల్యా సార్."

నేను అతన్ని లోపలికి తీసుకుపోయి స్టూలు మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పెన్ను తీశాను.

"ఏముంది సార్ దాంట్లో," అన్నాడు ఓబులేసు. "ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపుతా. సొక్కా ప్యాంట్లోకి దోపుతా. తెల్లబట్ట ఏసుకుంటా, దాని మింద పాకేది కనపడతాదని. దోవకు నడిమద్దెన నడుస్తా, గడ్డికి రాసుకుంటా పోను. ఆకుల మింద కూసోను, పడిపోయిన మాను మింద కూసోను. బండ ఉంటే బండ మింద కూసుంటా, ల్యాకుంటే నిలబడతా. కాళ్లకు కానుగ నూనె రాసుకుంటా. ఇంటికి రాంగానే బట్టలిప్పి ఉడుకు నీళ్లలో ఏసి, నేను నీళ్లు పోసుకుంటా. చెవెనక, సంకల్లో, నడుం కాడ, మోకాలెనక తడుముకుంటా. నా కండ్లకు అందని కాడ మా సుంకులమ్మ చూస్తాది."

"ఒకవేళ పట్టుకుంటే?"

"ముల్లు తీసే చిమటాతో తోలు కాడికి పట్టుకోని, నిదానంగా తిన్నగా పైకి గుంజాల. బీడీతో కాల్చకూడదు, కిరసనాయిలు పొయ్యకూడదు, నలపకూడదు. ఆ తర్వాత జరమొస్తే డాక్టరుకు చెప్పాల, పిడుదు కుట్టిందని. ఇంతే సార్. ఇది మా ఊర్లో మేకలు కాసే పిల్లోల్లకు గూడ తెలుసు."

టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"పర్మినెంటు అయితే సొక్కా మింద పేరు ఇస్తారంట గదా సార్, బిళ్ల మాదిరి?"

"ఇస్తారు."

"దాని కోసమే సార్ నేను ఎదురు చూస్తాండేది. కట్టెల దొంగను పట్టుకుంటే వాడు నన్ను 'నువ్వెవడివి' అంటాడు. పంతొమ్మిదేండ్ల నుంచి అదే మాట. నాకాడ జవాబు ల్యా."

అతను చెప్పిందంతా నేను ఆఫీసు భాషలోకి దించాను. ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపడం "అధోవస్త్రపు అంచులను పాదవస్త్రములందు నిక్షిప్తము చేయుట" అయింది. సుంకులమ్మ "స్వీయదృష్టికి అందని శరీరభాగముల అధీకృత పరిశీలకురాలు" అయింది. డీఎఫ్ఓ గారు చదివి మెచ్చుకున్నారు. పరాంకుశం గారికి మాత్రం అనుమానమొచ్చింది. కుటుంబాన్ని ఊళ్లో వదిలి ఒంటరిగా ఉండే సిబ్బందికి అధీకృత పరిశీలకులు ఎవరని. చాలాసేపు చర్చించి, వారిని వారిపై అధికారి పరిశీలించాలని ఇంకో పేరా కలిపాం. ఆ పేరా అమలు కాకుండా గార్డులూ, వారిపై అధికారులూ జీవితంలో మొదటిసారి ఏకమయ్యారు.

సర్క్యులర్ మీద డీఎఫ్ఓ గారి ఫొటో వేసి, రంగుల్లో అచ్చువేసి, ప్రతి చెక్‌పోస్టుకీ అంటించాం. ఆరుబయట సురక్షితంగా ఉండటంలో తొలి ఆదర్శ డివిజన్ అని పేపర్లో వచ్చింది. ఇక్కడితో ఆగిపోయుంటే నిజంగానే ఆదర్శ డివిజన్ అయ్యుండేది. నేనే ఒప్పుకుంటాను, అది మంచి సర్క్యులర్. కానీ ఆఫీసులో మంచి కాగితం ఒంటరిగా బతకలేదు, దానికి ఇంకో కాగితం తోడు కావాలి.

"అంతా బాగానే ఉంది సార్," అన్నారు పరాంకుశం గారు. "కానీ సిబ్బంది రోజూ ఒళ్లు చూసుకుంటున్నారనడానికి ఆధారమేమిటి?"

డీఎఫ్ఓ గారు ఆలోచనలో పడ్డారు. ఆ మధ్యాహ్నానికల్లా నమూనా పత్రం తయారైంది. ప్రతి ఒక్కరూ రోజూ ఒళ్లు చూసుకుని, దొరికిన పిడుదును అంటు టేపుతో ఆ పత్రం మీద అంటించాలి. పక్కన పేరు, తేదీ, పట్టిన శరీరభాగం, పట్టిన స్థలం రాసి నెలాఖరుకు పంపాలి.

నెలాఖరు సమీక్షా సమావేశంలో డీఎఫ్ఓ గారు ఎవరికెన్ని పిడుదులు పట్టాయో చూపే కడ్డీల పటం గోడ మీద వేయించారు. ఎత్తుగా లేచిన కడ్డీలన్నీ గార్డులవి. అన్నింటికన్నా ఎత్తైనది మద్దిలేటిది, పదిహేడు. మద్దిలేటి పక్క బీటు గార్డు. అడవిలోకి పోవడం కన్నా చెక్‌పోస్టు పక్క హోటల్లో దోసెల కోసం ఎదురు చూడటంలో ఎక్కువ అనుభవమున్నవాడు. హోటలు గేదె దొడ్డి పక్కనే అతని బండి నిలుపుతాడు కాబట్టి ఆ పదిహేడూ కష్టపడకుండానే వచ్చాయి. చివర ఓబులేసు పేరు ఉంది, దాని పైన కడ్డీ లేదు.

"సున్నా," అన్నారు డీఎఫ్ఓ గారు.

"జాగ్రత్తలు పనిచేస్తున్నాయన్నమాట సార్," అన్నాను నేను.

పరాంకుశం గారు నా వైపు జాలిగా చూశారు.

"నేను అడవిలో కూర్చున్నది పది నిమిషాలు," అన్నారు డీఎఫ్ఓ గారు నెమ్మదిగా. "నాకు ఒకటి పట్టింది. అంటే గంటకు ఆరు. ఇతను రోజుకు ఎనిమిది గంటలు ఉంటున్నానంటున్నాడు. రోజుకు నలభై ఎనిమిది. నెలకు వెయ్యిన్ని నాలుగు వందల నలభై." చుట్టూ చూశారు. "అవి ఎక్కడ?"

సమాధానం నా దగ్గర ఉంది గానీ, అప్పటికే ఒకసారి మాట్లాడి ఉన్నాను.

ఆ సాయంత్రమే రెండో సర్క్యులర్ వచ్చింది. రాసింది నేనే, ఈ చేత్తోనే. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, క్షేత్ర సిబ్బంది శరీరముపై పిడుదు పట్టిన స్థలమే వారి విధినిర్వహణ స్థలముగా భావించబడును. పిడుదు పట్టని సిబ్బంది క్షేత్రమునకు పోనట్లుగా పరిగణించబడుదురు." పాత హాజరు పుస్తకం అటకెక్కింది. పిడుదుల పత్రమే హాజరు పట్టీ అయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఊడిన నాలుక మాత్రం ఓబులేసుది.

అతనికి సంజాయిషీ తాఖీదు వెళ్లింది. "అడవిలో విధులకు హాజరు కానందుకు తమపై చర్య ఎందుకు తీసుకోరాదో" చెప్పమని. ఆ తాఖీదు అతనికి అందించడానికి మా మనిషి మూడు రోజులు వెతికాడు. ఇంటికెళ్తే అడవికి పోయాడన్నారు. అడవికి పోతే వాగు అవతల ఉన్నాడన్నారు. చివరికి మేకలబండ దగ్గర, ఒక రాతి మీద కూర్చుని సంగటి తింటుంటే అందించి, అక్కడే సంతకం తీసుకున్నాడు. ఆ సంతకం పక్కన "మేకలబండ, అటవీ ప్రాంతము" అని రాసుంది. అది ఆధారం కాదా అని నేను పరాంకుశం గారిని అడిగాను.

"అది తాఖీదు అందినందుకు ఆధారం," అన్నారాయన. "అతను అక్కడ ఉన్నందుకు కాదు. రెండూ వేరువేరు ఫైళ్లు."

ఈలోగా డివిజన్లో పిడుదులకు మంచిరోజులొచ్చాయి. గార్డులందరూ ఉదయాన్నే పశువుల ఆసుపత్రి ముందు నిలబడేవారు. కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఏ గేదె చెవి వెనకైనా ఒక నెల హాజరు ఉంటుంది. సెలవు మీద వెళ్లేవాళ్లు పిడుదుల్ని ముందే అగ్గిపెట్టెలో పోగుచేసి స్నేహితుడికి అప్పగించేవారు. మద్దిలేటి రెండో నెల నలభై రెండు పిడుదులు సమర్పించి "అకుంఠిత క్షేత్రదీక్ష" ప్రశంసాపత్రం అందుకున్నాడు. ఆ నెలంతా అతను మరదలి పెళ్లి పనుల మీద వేరే ఊళ్లో ఉన్నాడు.

పరాంకుశం గారు తెలివితక్కువవారు కాదు. పత్రాల మీద అంటించిన పిడుదులు మరీ ఎండిపోయి ఉన్నాయని, పాతవే మళ్లీమళ్లీ అంటిస్తున్నారని పసిగట్టారు. దాంతో మూడో సర్క్యులర్. పిడుదులు ప్రాణంతో ఉండాలి. మూతకు చిల్లులు పెట్టిన సీసాల్లో పంపాలి. ప్రభుత్వ ఆధారాలు కాబట్టి మూడేళ్లు భద్రపరచాలి. చస్తే ఆధారం నశించినట్టే కాబట్టి బతికించాలి. బతకాలంటే తినాలి. తినాలంటే ఏం కావాలో డీఎఫ్ఓ గారే స్వయంగా సూచించారు, అనుభవం ఉన్నవారు గనక.

నవంబరులో ఆఫీసు వెనక షెడ్డు వేసి ఒక దున్నపోతును కట్టేశారు. సామాన్ల పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలో తేలక రెండు రోజులు నలిగి, చివరికి "ప్రయోగశాల పరికరములు" కింద రాశాం. ప్రతి సోమవారం అటెండరు సీసాలు పట్టుకెళ్లి పిడుదుల్ని పరికరం మీద వదిలేవాడు, సాయంత్రం లెక్కపెట్టి సీసాల్లోకి ఎక్కించేవాడు. వదిలినన్ని తిరిగొచ్చేవి కావు. ఒక్కోసారి వదిలినదానికన్నా ఎక్కువ వచ్చేవి. రెండు సందర్భాల్లోనూ అటెండరుకే మెమో వెళ్లేది.

తిరిగిరానివి ఎక్కడికి పోయాయో మాకు జనవరిలో తెలిసింది. ముందు రికార్డు గదిలో టైపిస్టు భానుమతి గారు కెవ్వున అరిచారు. తర్వాత వారం రోజుల్లో ఆఫీసులో అరవనివాళ్లు లేరు. పాత ఫైళ్ల కట్టల్లో, కర్టెన్ల మడతల్లో, కుర్చీల మెత్తల్లో, వరండాలో సందర్శకుల కోసం వేసిన బెంచీ సందుల్లో పిడుదులు కాపురం పెట్టేశాయి. అప్పుడు గోడ మీదున్న మొదటి సర్క్యులర్‌ను అందరం మొదటిసారి పూర్తిగా చదివాం. ప్యాంట్లు మేజోళ్లలోకి దోపి, చేతులకు కానుగ నూనె రాసుకుని, తెల్లబట్టలేసుకుని ఆఫీసుకు రావడం మొదలుపెట్టాం. నడవాలో గోడలకు తగలకుండా మధ్యలో నడిచేవాళ్లం. ఏ బీరువా పక్కనా నిలబడేవాళ్లం కాదు. ఫైలు ముట్టుకుంటే ఇంటికెళ్లి ఒళ్లంతా చూసుకోవాల్సి వస్తుంది కాబట్టి ఎవరూ ఫైలు ముట్టుకునేవారు కాదు. పని మీద వచ్చిన జనానికి ఇందులో కొత్తేమీ కనపడలేదు.

ఓబులేసు విచారణ మార్చి ముప్ఫై ఒకటిన పడింది. పర్మినెంటు జాబితా పైకి పోవాల్సిన ఆఖరి రోజు కూడా అదే. పొద్దున పది గంటలకు రమ్మన్నారు. అతను తొమ్మిదింటికే వచ్చాడు. సుంకులమ్మ కూడా వచ్చింది, కొంగులో సంగటి డబ్బా కట్టుకుని.

నేను వాళ్లను గేటు బయట టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాను. మద్దిలేటి దగ్గర అడిగి తెచ్చిన అగ్గిపెట్టె జేబులో ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. లోపల ఏదో గీరుతోంది.

"ఓబులేసన్నా, నా మాట విను. ఒక్కటి పట్టించుకో. పది నిమిషాలు. తర్వాత తీసి సీసాలో వేద్దాం. నీ పంతొమ్మిదేళ్లు నీకు దక్కుతాయి."

ఓబులేసు అగ్గిపెట్టె ముట్టుకోలేదు.

"మోకాలెనకే గదా," అంది సుంకులమ్మ. "పట్టించుకోయ్యా. నేనే తీస్తా. పర్మినెంటు కావాలని నువ్వే గదా రోజూ అంటాండేది."

"అంటాండా," అన్నాడు ఓబులేసు. "నేను అడివికి పోయినానని పిడుదు జెప్పాల్నా? పోయినోన్ని నేనుండా గదా, నన్ను అడగమను."

అడగనే అడిగారు. కానీ అంతకు ముందు వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. అతను బెంచీని ఒకసారి తేరిపార చూసి, నిలబడతానన్నాడు. సందర్శకులు బెంచీ మీదనే ఆసీనులు కావాలని నియమముందని పరాంకుశం గారు పట్టుబట్టారు. నాలుగు గంటలు కూర్చున్నాడు. రెండింటికి లోపలికి పిలిచారు.

"నువ్వు అడవిలోకి వెళ్లినట్టు ఏమిటి ఋజువు?" అన్నారు డీఎఫ్ఓ గారు.

ఓబులేసు చేతులు కట్టుకుని చెప్పాడు. "మేకలబండ కింద ఏగిస మాను ఒకటి మొదలు కాడ మూడు గాట్లు పడినాయి సార్, మల్లొచ్చి నరుకుతారు. వాగులో నీళ్లు మోకాలు దిగినాయి. ఒక కణితి దుప్పి ఎనక కాలు కుంటతాండాది, ఉచ్చు తగిలింటాది. ఉచ్చులు నేను పదకొండు తీసినా, మా ఇంట్లో ఉండాయి. ఎలుగొడ్డు ఈసారి రెండు పిల్లల్ని ఏసింది."

"ఇవన్నీ నీ పరిశీలనలు," అన్నారు డీఎఫ్ఓ గారు. "నిర్ధారిత నమూనాలో సమర్పించిన ఆధారాలు కావు. పిడుదు ఉందా?"

"ల్యా సార్."

"ఐదు గంటలకు జాబితా వెళ్లిపోతుంది. అప్పటికి ఆధారం దాఖలు చేయకపోతే నీ పేరు తొలగించబడును." మామూలుగా మాట్లాడుతున్నప్పుడు కూడా ఆయన "తొలగించబడును" అనే అంటారు.

ఓబులేసు బయటికొచ్చి వరండాలో నిలబడ్డాడు. ఆ రెండు సర్క్యులర్లూ నా చేత్తో రాసినవి. మొదటిది అతను చెప్పి రాయించింది, రెండోది అతని మెడకు చుట్టుకుంది. సిగ్గుతో అతని పక్కనే నిలబడ్డాను. నాలుగున్నర అయింది. అప్పుడు అతను మోకాలి వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. ముఖం మారిపోయింది.

ప్యాంటు మేజోట్లోంచి లాగి మోకాలు దాకా మడిచాడు. ఉంది. బలిసిన పిడుదు, కొరకరాని చోట కొరికి పట్టుకుని ఉంది. ఓబులేసు పై జేబులోంచి చిమటా తీసి, తోలుకు ఆనించి పట్టి, నిదానంగా, తిన్నగా పైకి లాగాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.

నేను ఎగిరి గంతేశాను. సీసా తెచ్చాను, పత్రం తెచ్చాను, పెన్ను మూత నోటితో తీశాను. పేరు, బొంతల ఓబులేసు. తేదీ, మార్చి ముప్ఫై ఒకటి. శరీరభాగం, ఎడమ మోకాలి వెనుక భాగము. స్థలం దగ్గర "మేకలబండ అట..." దాకా రాశాను.

"ఏం రాస్తాండారు సార్?"

"మేకలబండ అటవీ ప్రాంతం."

"కొట్టేయండి," అన్నాడు ఓబులేసు. "అది ఈ బెంచీ మింద పట్టింది. వరండా అని రాయండి."

"అన్నా, నీకు దణ్ణం పెడతాను. అరగంటే ఉంది. అడవి అని రాస్తే నీ పని అయిపోతుంది. ఎవరికి నష్టం?"

"పంతొమ్మిదేండ్లు ఆ అడివిలో తిరిగినా సార్, ఒక్క పిడుదు గూడ నన్ను ముట్టల్యా. ఇప్పుడు మీ ఆఫీసులో కుడితే అడివి మింద నింద ఎట్ల ఏస్తావ్?" మీరు కాస్తా నువ్వు అయింది. అంత కోపంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

కొట్టేసి "డివిజన్ కార్యాలయ వరండా" అని రాశాను. పత్రం, సీసా పట్టుకుని లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టి, నేల చూస్తూ నిలబడ్డాను.

డీఎఫ్ఓ గారు చదివారు. పరాంకుశం గారు వంగి చదివారు. జాబితా కాగితం పక్కనే ఖాళీగా ఉంది.

"ఖాళీ జాబితా పంపితే పైనుంచి మనల్నే సంజాయిషీ అడుగుతారు సార్," అన్నారు పరాంకుశం గారు లోగొంతుకతో.

డీఎఫ్ఓ గారు రెండో సర్క్యులర్ తెప్పించి, కళ్లజోడు పెట్టుకున్నారు. "పిడుదు పట్టిన స్థలమే విధినిర్వహణ స్థలం. ఇతనికి పిడుదు పట్టింది. కాబట్టి ఇతను విధుల్లో ఉన్నాడు. పట్టింది వరండాలో. కాబట్టి ఇతని విధిస్థలం వరండా."

"ఒక పిడుదు ఒక రోజుకే కదా సార్. ఏడాదంతా..."

"పిడుదు స్వభావం ఏమిటి? ఒకసారి పట్టిన చోటి నుంచి కదలదు. వేరే చోట ఉన్నట్టు ఇతని పేరున మరో పిడుదు ఉందా?"

"ఒక్కటీ లేదు సార్."

"అయితే ఇతను మొదటి నుంచీ వరండాలోనే ఉన్నాడు."

అలా ఐదు గంటలకు ఐదు నిమిషాలుండగా ఓబులేసు పంతొమ్మిదేళ్ల సర్వీసు క్రమబద్ధమైంది. ఆ పంతొమ్మిదేళ్లూ అతను మా వరండాలో పనిచేశాడు. అడవిలో ఒక్కరోజు కూడా లేడు. నేనే టైపు చేశాను.

ఏప్రిల్లో ఉత్తర్వులొచ్చాయి. అదే నెల సమీక్షలో, డివిజన్ మొత్తంలో పిడుదులు అత్యధికంగా ఉన్న ప్రదేశం డివిజన్ కార్యాలయమేనని లెక్కల్లో తేలింది. దాన్ని "అతిప్రమాదకర క్షేత్రం"గా ప్రకటించి, డీఎఫ్ఓ గారు, పరాంకుశం గారు ఊరి చివర అతిథి గృహానికి మారిపోయారు. ప్రమాదకర క్షేత్రాన్ని కాపలా లేకుండా వదలకూడదు కదా. కాపలాదారు అక్కడికే నియమితుడై సిద్ధంగా ఉన్నాడు. ఉత్తరప్రత్యుత్తరాలకు ఒక గుమాస్తా ఉండాలని నన్నూ ఉంచారు. మేకలబండ బీటును అదనపు బాధ్యతగా, ప్రశంసాపత్రం ఉన్న మద్దిలేటికి అప్పగించారు.

మొదటి రోజు ఓబులేసు తెల్లవారగానే వచ్చాడు. కొత్త చొక్కా ప్యాంట్లోకి దోపాడు, ప్యాంటు మేజోళ్లలోకి దోపాడు. గుండె మీద బిళ్ల మెరుస్తోంది, బి. ఓబులేసు, అటవీ కాపలాదారు. నడవా మధ్యలో, ఫైళ్ల బీరువాలకు తగలకుండా నడుచుకుంటూ వెళ్లి, సిమెంటు గట్టు చూసుకుని దాని మీద కూర్చున్నాడు. దున్నపోతుకు గడ్డి వేయడం కూడా ఇప్పుడు అతని పనే.

"బిళ్ల బాగుంది అన్నా," అన్నాను.

"బాగుంది సార్," అన్నాడు. "ఈడ అడిగేటోడే ల్యా, నువ్వెవడివని."

నవ్వుదామనుకున్నాను, రాలేదు. రోజూ సాయంత్రం అతను కిటికీ దగ్గరికొచ్చి ఒకే మాట అడుగుతాడు. మేకలబండ కాడ కాపలాకు ఎవరన్నా తిరుగుతాండారా సార్, అని. తిరుగుతున్నారనే చెబుతూ వచ్చాను, రికార్డు అలాగే ఉంది మరి.

మే నెలాఖరున మద్దిలేటి సీసా వచ్చింది. చీటీ మీద నలభై ఆరు, మేకలబండ అటవీ ప్రాంతము అని రాసుంది. ఓబులేసు కిటికీ దగ్గరే ఉన్నాడు.

"చూడు, నలభై ఆరు," అన్నాను. "బాగా తిరుగుతున్నట్టున్నాడు."

ఓబులేసు చెయ్యి చాపి సీసా తీసుకుని, వెలుతురుకు పట్టుకుని చూశాడు. సీసా తిప్పి మళ్లీ చూశాడు. సీసా నా చేతికి తిరిగిచ్చేటప్పుడు నా ముఖంలోకి చూడలేదు.

"ఇవి గొడ్డు పిడుదులు సార్," అన్నాడు. "అడివిలోవి ఎర్రగా, సన్నగా ఉంటాయి. అడివికి ఎవరూ పోతాండల్యా."

ఆ మాట రాయడానికి పత్రంలో గడి లేదు. నేను మూత బిగించి, సీసా బీరువాలో పెట్టి, మేకలబండ ఎదురుగా నలభై ఆరు వేశాను.